మూడో బేస్ ఎవరిది

ఒకే రన్నర్‌ను, ఒకే క్షణంలో, ఇద్దరు సాఫ్ట్‌బాల్ అంపైర్లు చూశారు. ఆమె రెండు చేతులూ చాపి "సేఫ్" అంది. అతను పిడికిలి ఎత్తి "అవుట్" అన్నాడు.

మూడో బేస్ మీద బోర్లా పడి ఉన్న రన్నర్ తలెత్తి, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ముందు మీలో మీరు తేల్చుకోండి. అందాకా నేనిక్కడే పడుకుంటా" అంది.

స్టాండ్ అంతా నవ్వింది. ఆమెకు చెవులు వేడెక్కాయి. మామూలు మ్యాచ్ అయితే పోనీలే అనుకునేది. కానీ రెండో వరసలో అబ్జర్వర్ కూర్చుని, మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని ఏదో రాసుకుంటున్నాడు. ఆమెను పై స్థాయి అంపైర్ల ప్యానెల్‌లోకి తీసుకోవాలా వద్దా అన్నది అతను చూసే మూడు మ్యాచ్‌లను బట్టి తేలుతుంది. ఈ ఏడు తప్పితే ఆమెకు వయసు దాటిపోతుంది. ఇది మొదటి మ్యాచ్.

తోటి అంపైర్‌ని పక్కకు పిలిచింది. "ఇక్కడికెందుకొచ్చారు?"

"రన్నర్ ఇటే వస్తోంది కదండీ."

"రన్నర్ ఎటొస్తే అటు రావడానికి మీరేమైనా ఆవిడ తమ్ముడా? బంతి అవుట్‌ఫీల్డ్‌కి పోయింది. అప్పుడు బేస్ అంపైర్ ఎక్కడుండాలి?"

"లోపల. నాలుగు బేసుల మధ్య, డైమండ్‌లో."

"ఎవర్ని చూడాలి?"

"బంతి కొట్టిన బ్యాటర్‌ని."

"మరి బ్యాటర్ ఎక్కడ?"

ఇద్దరూ వెనక్కి తిరిగారు. బ్యాటర్ రెండో బేస్ మీద నిలబడి తాపీగా జడ బిగించుకుంటోంది. ఈలోగా అవతలి జట్టు కెప్టెన్ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అంపైర్ గారూ, ఆవిడ ఒకటో బేస్ తొక్కకుండానే రెండోదానికి పోయింది. అది అవుట్ కదా. చూశారా?"

ఎవరూ చూడలేదు.

ఆమె వారమంతా సర్వే ఆఫీసులో మ్యాపులు గీస్తుంది. ఆటగాళ్ళు ఆమె వినకుండా 'స్కేలు' అంటారు. అంటారని ఆమెకు తెలుసు. అతను లిఫ్ట్ మెకానిక్. అంపైర్ పరీక్ష పాసై మూడు నెలలైంది. సాఫ్ట్‌బాల్‌కు ఇద్దరే అంపైర్లు ఉన్నప్పుడు ఒకరు బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక, ఇంకొకరు బేసుల దగ్గర నిలబడతారు. ఇక్కడ ప్లేట్ ఆమెది, బేసులు అతనివి. ఇద్దరూ కలిసి నలుగురి పని చెయ్యాలి కాబట్టి, ఏ బంతికి ఎవరు ఎటు పరిగెత్తాలో ముందే పంచుకుంటారు. రన్నర్ ఒకటో బేస్ నుంచి మూడోదానికి వస్తుంటే, ప్లేట్ దగ్గరి అంపైర్ అక్కడికి చేరుకుని ఆ తీర్పు చెప్పాలి. అంటే మూడోది ఆమెది. అందులో సందేహం లేదు. అతనికి తప్ప.

పార్ట్‌నర్‌ను మార్చమని అసోసియేషన్ సెక్రటరీకి ఫోన్ చేసింది.

"ఉన్నది పన్నెండు మంది, అందులో ముగ్గురికి మోకాళ్ళ నొప్పులు. ఎక్కణ్ణుంచి తేనమ్మా? మీ నాన్నగారు ముప్పై ఏళ్ళు అంపైరింగ్ చేశారు కదా, ఓ రెండు ఆదివారాలు ఆయనకి అప్పజెప్పు" అన్నాడాయన.

ఆ విధంగా లిఫ్ట్ మెకానిక్ ఆమె ఇంటికి వచ్చాడు.

నాన్న భోజనాల బల్ల గోడవారకి జరిపించి, నాలుగు కుర్చీలను నాలుగు బేసులుగా వేశాడు. మధ్యలో ఉప్పు డబ్బా, బంతి విసిరే పిచర్. అమ్మ ఉతికిన బట్టల బకెట్‌తో పెరట్లోకి పోవాలంటే ఒకటో కుర్చీ పక్కనుంచి మూడో కుర్చీ దాకా నడవాల్సిందే కాబట్టి, ఆవిడే రన్నర్.

"బంతి బయటికి పోతే నువ్వు లోపలికి రావాలి. బంతి లోపలే ఉంటే నువ్వు బయటుండాలి. ఇంతే బాబూ, ఇందులో బ్రహ్మవిద్య ఏం లేదు" అన్నాడు నాన్న. "ఇంకోటి. దగ్గరికి పోతే బాగా కనపడుతుందనుకుంటావ్. ముక్కుకి పేపర్ ఆనించుకుని చదవగలవా? పది పన్నెండు అడుగుల దూరంలో ఆగు. బంతి, ఫీల్డర్, రన్నర్, బేస్, నాలుగూ ఒకేసారి కనపడే చోటు చూసుకో."

అతను గంగిరెద్దులా తలూపాడు. అమ్మ బకెట్ ఎత్తుకుని బయలుదేరింది. హోమ్ ప్లేట్ కుర్చీ వెనకనుంచి ఆమె "మూడోది నాది" అని అరుస్తూ వెళ్ళింది. వెళ్ళేసరికి అతను మూడో కుర్చీ పక్కనే ఉన్నాడు.

"నేను సేఫో అవుటో త్వరగా తేల్చండి. బట్టలారెయ్యాలి" అంది అమ్మ.

ఆమె కుర్చీలో కూలబడింది. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే అనిపించింది. "నాది అని అరుస్తున్నాను కదా. వినపడదా మీకు?"

"వినపడుతుందండీ."

"మరి?"

అతను ఉప్పు డబ్బా వంక చూస్తూ చెప్పాడు. "మా పనిలో పైనుంచి ఒకడు 'కరెంట్ ఆపేశా' అని అరుస్తాడు. అది నమ్మి లిఫ్ట్ గుంతలోకి దిగకూడదండీ. పైకెక్కి, స్విచ్ చూసి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని అప్పుడు దిగాలి. పదకొండేళ్ళ అలవాటు. ఎవరైనా 'నేను చూసుకుంటా' అంటే కాళ్ళు వాటంతటవే అటు పోతాయి."

"అయితే నేను స్విచ్‌నా?"

"ఛ, కాదండీ. స్విచ్ తిరిగి తిట్టదు."

నాన్న దగ్గు నటించాడు. ఆమె నవ్వకూడదని గట్టిగా అనుకుని మ్యాప్ గీసేటప్పటి మొహం పెట్టింది.

రెండో మ్యాచ్‌లో అతను మూడో బేస్‌కి రాలేదు. సగం దూరం వచ్చి, గుర్తొచ్చి, వెనక్కి పోయి, మళ్ళీ బయలుదేరాడు. కాలు కాలిన పిల్లిలా అతను డైమండ్‌లో తిరుగుతుంటే పిచర్ "అన్నా, కాసేపు కూర్చో, కళ్ళు తిరుగుతున్నాయి" అంది. అబ్జర్వర్ ఆ రోజు ఒక పేజీ నింపాడు. ఆమె ఇంటికెళ్ళి షూస్ తుడుచుకుంది. తుడిచినవే మళ్ళీ తుడిచింది.

ఇక మిగిలింది ఒక్క మ్యాచ్. ఆ వారం అతను డ్యూటీ అయ్యాక ప్రతి సాయంత్రం వచ్చాడు. అమ్మ బకెట్‌తో నడిచినప్పుడల్లా కుర్చీ వీపు రెండు చేతులతో పట్టుకుని, పళ్ళు బిగించి, బ్యాటర్‌గా పెట్టిన చీపురునే చూస్తూ నిలబడ్డాడు. ఐదో రోజుకి కుర్చీ వదిలేశాడు.

మూడో మ్యాచ్ చివరి ఇన్నింగ్స్‌లో ఒకటో బేస్ మీద రన్నర్ ఉంది. బ్యాటర్ కొట్టిన బంతి ఫీల్డర్ల మధ్యనుంచి దూరంగా పోయింది. ఆమె మాస్క్ తీసేసి, "మూడోది నాది" అని అరిచి పరుగందుకుంది. నాలుగడుగులు వేసిందో లేదో, బ్యాటర్ విసిరేసిన బ్యాట్ కాలికింద దొర్లింది. ఆమె నిలువునా పడింది.

అతను చూడలేదు. చూడకూడదనే ఆమె నేర్పింది. డైమండ్ లోపల, ఆమెకు వీపు పెట్టి, బ్యాటర్‌నే చూస్తున్నాడు.

రన్నర్ రెండో బేస్ దాటింది. ఇంతవరకూ ఆమె తన తీర్పు ఎవరికీ వదల్లేదు. వదిలితే అబ్జర్వర్ ఏం రాస్తాడో తెలుసు. వదలకపోతే మూడో బేస్ దగ్గర జరిగేది చూసే దిక్కుండదు.

"నాకు కుదరట్లేదు" అని మట్టిలోంచే అరిచింది. "మూడోది నీది. నువ్వెళ్ళు."

అతను వెళ్ళాడు. బేస్ మీదికి పోలేదు. పది పన్నెండు అడుగుల దూరంలో ఆగి, వంగి, కదలకుండా చూశాడు. బంతి వచ్చింది, ఫీల్డర్ బంతి ఉన్న గ్లవ్‌తో రన్నర్‌ను తాకింది, దుమ్ము లేచింది. అతను ఇంకా చెయ్యెత్తలేదు. గ్లవ్‌లోంచి బంతి జారి నేల మీద దొర్లడం కనపడ్డాక, రెండు చేతులూ చాపాడు.

"సేఫ్."

ఆమె కుంటుకుంటూ హోమ్ ప్లేట్ దగ్గరికి చేరుకుంది. మ్యాచ్ అయ్యాక అతను ఐస్ సంచీ పట్టుకొచ్చాడు.

"కాలెలా ఉందండీ?"

"బ్యాటర్ ఒకటో బేస్ తొక్కిందా?"

"తొక్కింది. ఎడమ కాలితో, లోపలి మూల. మీరు పిలిచేసరికి రెండోదాని వైపు తిరిగింది."

ఆమెకు తిట్టడానికి ఏమీ దొరకలేదు. అది చాలా ఇబ్బందిగా అనిపించింది.

"ఇందాక నన్ను 'నువ్వు' అన్నారు" అన్నాడు.

"పడ్డప్పుడు మర్యాదలు గుర్తుండవు."

"అయితే అప్పుడప్పుడూ పడుతుండండి."

పది రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. మొదటి రెండు మ్యాచ్‌ల గురించి అబ్జర్వర్ మొహమాటం లేకుండా రాశాడు. మూడోదాని గురించి, 'జారిపడటం తప్పు కాదు. చేరుకోలేనని తెలిశాక వెంటనే భాగస్వామికి అప్పగించింది. ఆ పని అనుభవజ్ఞులకే రాదు' అని రాశాడు. ఆమెను ప్యానెల్‌లోకి తీసుకున్నారు. వచ్చే నెల నుంచి ఆరు నెలలు వేరే ఊళ్ళు, వేరే పార్ట్‌నర్లు.

సాయంత్రం అతను వచ్చాడు. వాన పడుతోంది. మైదానంలో పిలవకపోయినా మూడో బేస్ దాకా వచ్చే మనిషి, గేటు దగ్గరే ఆగిపోయాడు.

"కంగ్రాచ్యులేషన్స్ అండీ."

"లోపలికి రండి, తడుస్తున్నారు."

"పర్లేదండీ. చెప్పిపోదామని వచ్చా. కొత్త పార్ట్‌నర్ మంచివాడు దొరకాలని…"

ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. "నిజంగా అదే కోరుకుంటున్నారా?"

వాన అతని ముక్కు చివరనుంచి కారింది. "లేదండీ. నాకంటే చెత్తవాడు దొరకాలని కోరుకుంటున్నా. వాణ్ణి చూసి మీకు నేను గుర్తుకు రావాలి. వెనక్కొచ్చాక నన్ను పెళ్ళి చేసుకోవాలి."

"ఆరు నెలలు ఆగగలవా?"

"ఆగగలనండీ."

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. "అంత తేలిగ్గా ఒప్పేసుకుంటావేం? ఆగలేనని ఒక్కసారి బతిమాలొచ్చుగా."

"బతిమాలితే ప్రయాణం మానేస్తారా?"

"మానను."

"మరెందుకండీ?"

"వినడానికి బావుంటుంది. అది కూడా నేనే చెప్పాలా?"

అతను గొంతు సవరించుకుని, గేటు పట్టుకుని, నిజంగానే బతిమాలడం మొదలుపెట్టాడు. అంత ఘోరంగా బతిమాలే మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు. ఆపమని చెప్పబుద్ధి కాలేదు.

లోపలినుంచి అమ్మ గొంతు వినపడింది. "అయ్యాక అల్లుణ్ణి లోపలికి తీసుకురావే. తలుపు బార్లా తీశావు, ఇల్లంతా జల్లు కొడుతోంది."