అరువు గొంతు

లిఫ్ట్ తలుపులు మూసుకుంటుండగా వెనక నుంచి ఆ మాట వినపడింది.

"కంగారేం లేదండీ. డబ్బు ఎక్కడికీ పారిపోదు. ముందు మీరు ఊపిరి తీసుకోండి."

వెనక నిలబడ్డ కుర్రాడు అన్నది పక్కనున్న ముసలి క్లయింటుతో. కానీ ముందు నిలబడ్డ అమ్మాయి చేతిలోంచి కాఫీ కప్పు జారిపోయింది. ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇప్పుడు మాట్లాడిందెవరు?"

"నే... నేనేనండీ," అన్నాడతను, కాఫీలో తడిసిన తన బూట్లకేసి చూసుకుంటూ, పిల్లికూన గొంతుతో.

"మీరు కాదు. ఇందాక మాట్లాడినాయన."

లిఫ్టులో ఉన్నది ఆ ముగ్గురే.

ఆమె ఆ రోజే బదిలీ మీద ఆ పెట్టుబడుల కంపెనీ బ్రాంచికి వచ్చిన కంప్లయన్స్ ఆఫీసరు. క్లయింట్లకు ఎవరూ రూల్స్ దాటి మాట ఇవ్వకుండా చూడటం ఆమె పని. అతను రీసెర్చిలో అనలిస్టు. ఆఫీసంతా అతన్ని 'మ్యూట్' అని పిలిచేది. కాన్ఫరెన్స్ కాల్లో పాపం అతను మాట్లాడుతూనే ఉన్నా, "నువ్వు మ్యూట్‌లో ఉన్నావు బాబూ!" అని అవతలివాళ్ళు అరిచేవారు.

కొన్నాళ్ళ కిందట మేనేజరు పిలిచి కుండబద్దలు కొట్టేశాడు. "నీ రిపోర్టులు బంగారం. కానీ ఈ ఫీల్డులో రిపోర్టు చూసి ఎవడు కొంటాడయ్యా? మనిషిని చూసి కొంటారు. నోరు విప్పడం నేర్చుకో. లేదంటే రిటైరయ్యేదాకా ఆ మూల సీటే నీకు."

నేర్చుకోవడానికి ట్రైనింగ్ రూములో పెద్దసారు వీడియోలున్నాయి. ఆ కంపెనీకి సగం క్లయింట్లను తెచ్చిపెట్టిన మనిషి ఆయన. నిరుడు గుండెపోటుతో పోయాడు. రోజూ లంచ్ తర్వాత మ్యూట్ ఆ టీవీ ముందు కూర్చునేవాడు. ఎక్కడ ఆగాలి, ఎప్పుడు నవ్వాలి, ఎదుటివాళ్ళ పేరు ఎంత మెత్తగా పలకాలి, అన్నీ ఆయన్ని చూసి చేసేవాడు. బతికున్నవాళ్ళ ముందు సిగ్గు గానీ, పోయినాయన ముందు సిగ్గేముంది?

ఓ మధ్యాహ్నం వీడియో ఆపి మంచినీళ్ళు తాగాడు. అయినా మాటలు ఆగలేదు. అవి తన నోట్లోంచే వస్తున్నాయని తెలియడానికి కాస్త టైం పట్టింది. ఆ ముక్క అతను అప్పటిదాకా విననే లేదు. ప్లే నొక్కాడు. తెర మీద పెద్దసారు అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పి, నవ్వాడు.

భయపడ్డ మాట నిజం. కానీ మర్నాటి నుంచి క్లయింట్లు అతన్నే అడగడం మొదలుపెట్టారు. ఆ రుచి మరిగాక భయం ఓ పక్కకు సర్దుకుంది.

లిఫ్టు సంగతి జరిగిన వారానికి, క్యాంటీన్లో ఆ అమ్మాయి ట్రే తెచ్చి అతని ఎదురుగా ఠప్పున పెట్టింది.

"వీడియోలన్నీ చూశాను. అది మా నాన్న గొంతు. ఇంకోసారి నా ముందు వాడారో, మీ ప్రెజెంటేషన్లకి నా అప్రూవల్ కల్లో మాట."

"అలాగేనండీ."

"ఏంటి?"

"అలాగేనండీ!"

"ఇప్పుడూ వినపడలేదు. పెదాలు చూసి అర్థం చేసుకున్నాన్లెండి," అని నవ్వేసింది.

అప్పటినుంచి లంచ్ ఆ టేబుల్ దగ్గరే. అతను గొణుగుతాడు, ఆమె ముందుకు వంగి వింటుంది. వంగినప్పుడల్లా ఆమె జుట్టులోని షాంపూ వాసనకు అతను చెప్పే నాలుగు ముక్కలూ మర్చిపోతాడు.

"మీరు మాట్లాడుతుంటే హాయిగా నిద్రొస్తుంది తెలుసా?"

"సారీ అండీ."

"పొగిడాను మహానుభావా!"

ఓ సాయంత్రం వాన పట్టుకుంది. పోర్టికోలో ఇద్దరికీ ఒకటే గొడుగు. ఇవాళ చెప్పేయాలి అనుకున్నాడు. తన గొంతుతో ధైర్యం చాలక, ఒక్క వాక్యానికి, ఈ ఒక్కసారికి ఆ గొంతే అనుకుని, పెద్దసారులా కాస్త ఆగి, తల పక్కకు వంచాడు.

నోరు తెరుచుకుంది. కానీ అతను అనుకున్న మాట రాలేదు.

"లోపలికి జరుగు గిలక్కాయా. జ్వరమొస్తే మందు మింగవు, మీ అమ్మ ప్రాణం తీస్తావు."

ఆమె గొడుగు వదిలేసి వానలోకి వెనకడుగు వేసింది.

"ఆ పేరు మీకెలా తెలుసు?"

"తె... తెలీదు."

"నాన్న మాత్రమే నన్నలా పిలిచేవాడు. ఎవరూ లేనప్పుడే. అమ్మకి కూడా తెలీదు. ఎవరు మీరు?"

ఆమె వెళ్ళిపోయింది. అతను తడిసి ముద్దయి గదికి చేరి అమ్మకు ఫోన్ చేశాడు.

"అమ్మా, నేనే."

"ఎవరండీ మీరు?"

"నేనమ్మా! నీ కొడుకుని!"

"మా అబ్బాయి గొంతు నాకు తెలీదా? రాంగ్ నంబరు," అని అమ్మ ఫోన్ పెట్టేసింది.

అద్దం ముందు నిలబడి తన పేరు తను చెప్పుకోబోయాడు. చక్కటి, బరువైన, నవ్వు కలిసిన గొంతు అతని పేరును పరాయి మనిషిని పిలిచినట్టు పిలిచింది.

పెద్ద మీటింగు రానే వచ్చింది. ఒక ఫండ్‌ను క్లయింట్ల చేత కొనిపించాలి, అది గట్టెక్కితే ప్రమోషన్. హాలంతా పెద్దసారు పాత క్లయింట్లే, అందరూ రిటైరైనవాళ్ళు. ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్ళు మూసుకుని వింటూ, "వచ్చారా? ఎన్నాళ్ళయింది!" అంది. ఎవరూ నవ్వలేదు. అందరూ అలాగే కళ్ళు మూసుకున్నారు.

మాటలు వెన్నలా జారిపోతున్నాయి. అతను కేవలం వింటున్నాడు, లోపల ఏదో మూల కూర్చుని. "ఎప్పటిలాగే, నా మీద నమ్మకముంటే సంతకం పెట్టండి," అంది నోరు.

పెద్దసారు రోజుల్లో ఆ ఫండ్ మంచిదే. ఇప్పుడు కాదు. పెన్షన్ మీద బతికేవాళ్ళకు అస్సలు పనికిరాదని రిపోర్టు రాసింది తనే. మేనేజరు పక్కన పెట్టేసిన రిపోర్టది. పెన్నుల మూతలు టక టక ఊడుతున్నాయి. వెనక గోడ దగ్గర ఆమె నిలబడి ఉంది. ఆమె కళ్ళు మూసుకోలేదు. అతన్నే చూస్తోంది.

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. గొంతులో రెండు మాటలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

"ఆ... ఆగండి."

సన్నటి, గీరుకుపోయిన గొంతు. తనది.

"సంతకం పెట్టకండి. ఇది మీకు... మీ వయసుకి సరిపడదు. ఎందుకో చెప్తాను."

అందరూ కళ్ళు తెరిచి, నిద్రలేచినట్టు ఒకరినొకరు చూసుకున్నారు. "కాస్త గట్టిగా, నాయనా," అంది పెద్దావిడ. అతను తడబడుతూనే చెప్పాడు. వాళ్ళు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. ప్రశ్నల మీద ప్రశ్నలు. తెలిసినవి చెప్పాడు, తెలియనివి తెలియదన్నాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది గానీ, ఎవరి కళ్ళలోకి చూడటానికీ అతనికి జంకు కలగలేదు. పెద్దావిడ వెళుతూ, "ఇకమీదట నా పనులు నువ్వే చూడు," అంది. మేనేజరు మాత్రం ముఖం మాడ్చుకున్నాడు.

కారిడార్లో ఆమె ఎదురొచ్చింది. "అమ్మ మిమ్మల్ని తీసుకురమ్మంది. ఆ గొంతు గురించి ఎవరో చెప్పారట. నాకు భయంగా ఉంది. అయినా వస్తారా?"

ఆదివారం వెళ్ళాడు. వాళ్ళమ్మ సోఫాలో బిగుసుకుని కూర్చుంది, కూతురు గుమ్మంలోనే నిలబడింది. ఎదురుగా ఖాళీ కుర్చీ, మనిషి ఇప్పుడే లేచి వెళ్ళినట్టు దిండు అణిగి ఉంది.

"ఒక్కసారి ఆయనలా మాట్లాడు బాబూ," అందావిడ. "నన్ను పేరు పెట్టి పిలువు. చాలు."

అతని గొంతులో అది కదిలింది. ఆవిడ పేరు అతనికి ఎవరూ చెప్పలేదు. అయినా నాలుక చివర ఉంది. పిలిస్తే ఆవిడ ఎంత సంతోషిస్తుంది! రేపు మళ్ళీ రమ్మంటుంది. ఎల్లుండీ రమ్మంటుంది.

ఆ పేరును మింగేశాడు. "నా వల్ల కాదండీ. నాకు నా గొంతే వచ్చు."

ఆవిడ కళ్ళు నిండాయి. ఎదుటి కుర్చీలో అణిగిన దిండు మెల్లగా, ఊపిరి పీల్చుకున్నట్టు, పైకి లేచి మామూలైంది. ముగ్గురూ చూశారు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ కుర్చీనే చూపించింది.

"కూర్చో. ఇంతదాకా వచ్చావు, నీకు చెప్పాల్సిందేమైనా ఉందా?"

"మీ అమ్మాయంటే... అంటే... నాకు..."

"వినపడట్లేదు బాబూ."

"మీ అమ్మాయంటే నాకు ఇష్టమండీ!"

పక్కింటి కిటికీ ఒకటి తెరుచుకుంది. గుమ్మంలో ఆమె నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళతో.

"నన్నడగలేదేం?" అంది.

"అడుగుతా. కాస్త దగ్గరికి రండి," అని గొణిగాడు.

ఆమె వచ్చి, వినడానికి ముందుకు వంగింది.