ఒక చెవి వదిలి

ఆ మధ్యాహ్నం నేను అరవై మంది ఉన్న విమానాన్ని నేలకేసి కొట్టబోయాను. ఇంజిన్లు బాగానే ఉన్నాయి. నా మతీ బాగానే ఉంది. నెత్తిన ఉన్న హెడ్‌సెట్ ఒక్కటే నాది కాదు.

మేం పైలట్లం ఎవరి హెడ్‌సెట్ వాళ్ళమే తెచ్చుకుంటాం. ఒకరి చెమట, ఒకరి చెవిపోటు ఇంకొకరికెందుకు? ఆ రోజు కాక్‌పిట్‌లో కూర్చుని బ్యాగు తెరిస్తే నా హెడ్‌సెట్ ప్లగ్గు వంగిపోయి ఉంది. అంతకుముందు రోజు మా అక్క కూతురు దాన్ని పాటలకని ఎందులోనో దూర్చబోయిందట. తర్వాత అడిగితే, "అది ముందే అలా ఉంది పిన్నీ" అంది, కళ్ళార్పకుండా.

నా సీటు వెనక కొక్కేనికి విమానం తాలూకు పాత హెడ్‌సెట్ ఒకటి వేలాడుతోంది. చెయ్యి చాచాను.

"అక్కా, అది వద్దు" అన్నాడు నా కోపైలట్. అతన్ని మేమంతా వాగుడుకాయ అంటాం. ముఖం మీదే అంటాం, సంతోషిస్తాడు. "ఎవరి చెవి గులిమి ఉందో ఏమో అందులో. పోనీ మధ్యలో నా రుమాలు వేసుకోండి. ఉతికిందే. అంటే, మొన్న ఉతికింది."

"నీ రుమాలు కంటే గులిమే నయం."

పెట్టుకున్నాను. చెవుల మీది దిండ్లు వెచ్చగా తగిలాయి, అప్పుడే ఎవరో తీసి తగిలించి వెళ్ళినట్టు. పొద్దుటి నుంచి ఆ విమానం తలుపులు మూసే ఉన్నాయి. మైకు స్పాంజిలోంచి లవంగం దగ్గుబిళ్ళ వాసన వచ్చింది. ఎవరో తెగ దగ్గుతూ నడిపి ఉంటారనుకుని బయల్దేరాను.

మాది ప్రొపెల్లర్ల విమానం. గాల్లోకి లేచాక ఆ మోతలో పక్క సీటు మాట కూడా వినబడదు. అతని మైకులోంచి నా చెవుల్లోకి, నా మైకులోంచి అతని చెవుల్లోకి రావాల్సిందే. కాసేపు అంతా మామూలే. వాగుడుకాయ వాళ్ళావిడ కొన్న కుర్చీల గురించి, అవి మెట్ల మలుపులో ఇరుక్కున్న వైనం గురించి చెప్పాడు. నేను ఊ కొట్టాను.

తర్వాత మేఘంలోకి వెళ్ళాం. అద్దాల అవతల తెలుపు, మెల్లగా బూడిదరంగు, ఆపైన పట్టపగలే చీకటి. వాన అద్దాన్ని కొడుతున్నా ఆ చప్పుడు దూరంగా, వేరే గదిలోంచి వచ్చినట్టుంది. చెవుల్లో ఎవరిదో ఊపిరి.

మైకు పెదాలకు ఆనుకుంటే మన ఊపిరే మనకు వినబడుతుంది. అదేననుకున్నాను. చూద్దామని బిగబట్టాను.

ఊపిరి ఆగలేదు.

"నీదేనా ఆ ఊపిరి?"

"కాదు."

అంతే. వాగుడుకాయ ఒక్క మాటతో ఊరుకున్నాడంటే నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. కానీ దిగే పని మొదలైంది.

అలాంటి వాతావరణంలో దిగేటప్పుడు మాకొక పద్ధతి ఉంది. నడిపేవాళ్ళు మీటర్ల మీంచి చూపు తిప్పరు. రెండోవాళ్ళు బయటికి చూస్తుంటారు. ఒక ఎత్తుకు వచ్చేసరికి రన్‌వే లైట్లు కనిపిస్తే దిగడం, లేదంటే మారుమాట లేకుండా మళ్ళీ పైకి లేపడం. నా చూపు మీటర్ల మీద. కళ్ళు అతనివి, చేతులు నావి.

ఆ ఎత్తు వచ్చింది.

"కనిపిస్తున్నాయి" అన్నాడు చెవిలో.

"లైట్లేనా?"

"లైట్లే. దించెయ్."

దించాను... ఇంకొంచెం... లవంగం వాసన గొంతులోకి దిగింది. ఊపిరి నా ఊపిరితో కలిసిపోయింది. ఇప్పుడు ఏది నాదో తెలియడం లేదు.

"దించెయ్."

నెమ్మదైన గొంతు. అతని గొంతే. కానీ వాగుడుకాయ ఇంత పొదుపుగా మాట్లాడడు. ఎన్నడూ మాట్లాడడు. చూడకూడదని తెలిసీ పక్కకు చూశాను.

అరుస్తున్నాడు. మెడ నరాలు పొంగి, నోరంతా తెరిచి, ఒక చేత్తో నా భుజాన్ని కుదుపుతూ అరుస్తున్నాడు. ఆ కుదుపు అప్పుడు తెలిసింది నాకు. చెవుల్లో మాత్రం అదే గొంతు, అంతే నెమ్మదిగా...

"దించెయ్."

హెడ్‌సెట్ లాగి విసిరేశాను. మోత మీద పడింది. ఆ మోతలోంచి సన్నగా అతని అసలు గొంతు: "లేపండక్కా! ఏమీ లేదక్కడ!"

ఇంజిన్లకు పూర్తి శక్తి ఇచ్చి లేపాను. లేస్తుంటే కింద మేఘం చిరిగి, ఒక్క క్షణం, తడిసిన రేకుల కప్పులు కనిపించాయి. రన్‌వే లేదు. లైట్లూ లేవు.

వాన లేని ఇంకో ఊళ్ళో దిగాం. ఒకరి చెవిలో ఒకరం అరుచుకుంటూ.

ప్రయాణికులు దిగిపోయాక వాగుడుకాయ నా ముఖం చూడకుండా అన్నాడు, "లేవు, లేవు అని మొత్తుకుంటూనే ఉన్నానక్కా. మీరేమో..."

"నేనేమో?"

"'కనిపిస్తాయిలే, ఆగు' అన్నారు. మళ్ళీ మళ్ళీ అన్నారు. నవ్వుతూ."

ఆ మాట నేను అనలేదు. నవ్వనూ లేదు.

టెక్నీషియన్ వచ్చి హెడ్‌సెట్‌ను అటూ ఇటూ తిప్పాడు. మైకు మొదట్లో గోరుతో గీకి నాకు చూపించాడు. "తీగ తెగి ఎన్నేళ్ళయిందో మేడమ్, రాగి పచ్చబడిపోయింది. దీన్లో వినబడుతుంది గానీ, దీన్లోంచి మాట బయటికి పోదు."

"దారంతా ఇతనితో మాట్లాడుతూనే ఉన్నాను."

"దీంతోనా?" అని నవ్వాడు. వాగుడుకాయ నవ్వలేదు.

ఆ సాయంత్రమే ఒక నిర్ణయం తీసుకున్నాను. అప్పటి నుంచి నా హెడ్‌సెట్ నా బ్యాగులో, కొత్తగా కొన్న ఇంకొకటి నా పెట్టెలో. దిగేటప్పుడు ఒక చెవి మీది దిండు పక్కకు జరిపేస్తాను. పక్కనున్నవాళ్ళని మైకులో చెప్పమంటాను, మోత దాటేలా గట్టిగా అరవమనీ అంటాను. కొత్తవాళ్ళు నన్ను చెవిటిదాన్ననుకుంటారు. అనుకోనీ. మూసిన చెవిలో మాట, తెరిచిన చెవిలో మాట ఒకటైతేనే దిగుతాను.

ఇప్పటికి రెండుసార్లు ఒకటి కాలేదు. రెండుసార్లూ పెట్టుకున్నది నా సొంత హెడ్‌సెట్టే.

రెండుసార్లూ దిగలేదు.