రిపోర్టులో అక్క

వల్లూరులో ఆదివారం మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తోంది. సోలార్ పార్కు ఆఫీసులో కంప్యూటర్ పని చేసే శిల్పశ్రీ వసారాలో కూర్చుని ఫోన్ చూస్తోంది. తమ పూర్వీకులు ఎక్కణ్నుంచి వచ్చారో తెలుసుకోవాలన్న సరదాతో ఆ మధ్య గొట్టంలో ఉమ్మి పట్టి డీఎన్ఏ పరీక్షకు పంపింది. ఇప్పుడు రిపోర్టు వచ్చింది. రక్తసంబంధీకులు అన్నచోట ఒకే ఒక్క వరుస కనిపించింది.

సొంత తోబుట్టువు. స్త్రీ.

శిల్పశ్రీ ఒక్కతే కూతురు. "అమ్మా, నాకు అక్క గాని ఉండాదా ఏంది?" అని నవ్వుతూ అడిగింది.

చింతపండు గింజలు తీస్తున్న తల్లి సుంకులమ్మ చేతులు ఆగిపోయాయి.

"నీకు ముందర ఒగ బిడ్డ పుట్టింది. పురిట్లోనే పోయింది. మన శనక్కాయ చేన్లోనే పూడ్చినాం. మీ నాయన పోయినాక ఈ మాట నాకొక్కదానికే తెలుసు... నీకెవురు చెప్పినారు?"

ఆ చేనంతా ఇప్పుడు సోలార్ ప్యానెళ్లే.

అంతలో ఫోన్ మోగింది. ఆ తోబుట్టువు దగ్గర్నుంచే మెసేజ్. శిల్పశ్రీ పైకే చదివింది.

'నా చోట్లో ఉండావు. చేనుకాడికి రా. రాకుంటే నేనే ఇంటికొస్తా.'

"పోవద్దు పాపా," సుంకులమ్మ గుసగుసలాడింది.

అదేదో అమ్మ దాకా రాకూడదనుకుంది శిల్పశ్రీ. పొద్దు వాలుతుండగా గేటు దగ్గర ఆఫీసు కార్డు చూపించి లోపలికి వెళ్లింది.

ప్యానెళ్ల వరుసల మధ్య నేల ఇంకా సెగలు కక్కుతోంది. కాలిన దుమ్ము వాసన. దూరంగా ఇన్వర్టర్ల రొద. పొద్దు కుంకేసరికి అదీ అణిగిపోయింది.

అప్పుడు వినబడింది... పసిబిడ్డ ఏడుపు. సన్నగా, ఆగి ఆగి. మట్టిలోంచి.

"ఎవురది?"

ఏడుపు ఆగింది. పక్కనున్న ప్యానెల్ కిందినుంచి ఒక గొంతు పలికింది. పసిగొంతు కాదు. బాగా ముదిరిన ఆడగొంతు.

"నువ్వు ఈడికొచ్చినావు గదా... ఇంగ ఆడ అమ్మ ఒక్కతే ఉండాది."

శిల్పశ్రీ పరుగెత్తింది. ఏదో చున్నీ పట్టి లాగింది. వదిలేసింది. చెప్పులు ఎక్కడ జారాయో తెలియదు.

ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల సుంకులమ్మ గోడకు ఆనుకుని, ఖాళీ ఒడిని కొంగుతో కప్పుకుని, మోకాళ్లు మెల్లగా ఊపుతోంది. ఆమె రవిక ముందంతా తడి. ఇల్లంతా చనుబాల వాసన.

"అమ్మా..."

"ష్..." సుంకులమ్మ తలెత్తలేదు. "తాగుతాంది."

కొంగు కింద గుటకల చప్పుడు ఆగలేదు.