సమత తొంభై ఎనిమిది

సుభాషిణి కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, ఊపిరియంత్రం మూతికి ఆ రోజు మొదటి ఊరటకడ్డీని తగిలించింది. యంత్రం అర నిమిషానికోసారి, రెండు సెకన్ల పాటు, కొలిచినట్టు గాలి పీలుస్తుంది. మధ్యలో దగ్గదు. ఎవరో పిలిచారని కడ్డీ పక్కన పెట్టి వెళ్లదు. నొప్పి ఆగడం లేదని గబగబా నాలుగు దమ్ములు లాగదు. అందుకే దాని కడ్డీ చివరిదాకా గుండ్రంగా కాలుతుంది. తెర మీద దహనరేఖ తిన్నగా సాగి ఎనిమిదో నిమిషంలో ఆగింది. సమత, అంటే కడ్డీ అన్ని వైపులా ఒకేలా కాలడం, నూటికి తొంభై ఏడు.

పలాస మండలంలో ఆ రోజు వెలిగే ప్రతి కడ్డీనీ ఇక దీనితో పోల్చి చూస్తారు. చూసేది మనుషులు కాదు, సమజ్వాల అనే కంప్యూటరు. ప్రతి కడ్డీ కాగితంలోనూ వెంట్రుకంత జ్వాలనూలు ఉంటుంది. అది కాలుతూ, తాను ఎక్కడ ఎంత వేడిలో ఎలా కాలుతున్నదీ రోగి దగ్గరుండే నొప్పికార్డు ద్వారా సమజ్వాలకు చెప్పేస్తుంది. కడ్డీలో ఉండేది గంజాయే. కానీ ఆఫీసులో ఆ మాట అనకూడదు, ఉపశమన పత్రి అనాలి. అలా అనడం మొదలుపెట్టి పదేళ్లయినా సుభాషిణికి నోరు తిరగదు.

పత్రితో వచ్చిన చిక్కల్లా ఒంటిపక్క మంట. మనిషి చేతిలో కడ్డీ ఒక వైపు జోరుగా కాలిపోతుంది, రెండో వైపు మొండికేస్తుంది. సగం మందు గాలిలో కలుస్తుంది, నొప్పి ఉన్నచోటే ఉంటుంది. ఇంజనీర్లు మూడేళ్లు తంటాలు పడ్డారు. పత్రిని సన్నగా దంచి చూశారు, బరకగా దంచి చూశారు. చెమ్మ నూటికి పదకొండు పాళ్లకు తెచ్చారు. కొస దగ్గర వదులుగా, మొదట్లో బిగువుగా కూరారు. కాగితం మార్చారు. వెలిగించేటప్పుడు కడ్డీని చుట్టూ తిప్పాలని, నెమ్మదిగా లాగాలని బొమ్మలు వేసి పంచారు. ఎముకల నొప్పితో మెలికలు తిరిగేవాడు ఆ బొమ్మలు చూసుకుంటూ కూర్చుంటాడా? మనుషుల నోట్లో సమత ఎనభై దాటలేదు. కడ్డీని బాగుచేయడం చేతకాక, చివరికి మనుషుల్ని అనుమానించడం మొదలుపెట్టారు.

లెక్క చాలా తేలిక. పాత కడ్డీ కాలినట్టు కబురందితేనే కొత్త కడ్డీ వస్తుంది. కాబట్టి దొంగలు కడ్డీలోని పత్రిని అమ్ముకొని, ఖాళీ కాగితంలో ఎండుగడ్డి కూరి, యంత్రానికి తగిలించి కాలుస్తారు. దాన్ని బొమ్మదహనం అంటారు. మనిషికి ఎనభై దాటదు కనుక, తొంభై దాటినవాడు దొంగ. మూడుసార్లు తప్పు పడితే పరిశీలకులు ఇంటికి వెళ్లి చూడాలి; ఆ రోజు సాయంత్రం ఐదింటిలోగా మనిషే కాల్చినట్టు తేలకపోతే కార్డు దానంతటదే మూసుకుపోతుంది.

"సుభాషిణి గారూ, ఇది చూశారా?" అంటూ ముఖ్య పరిశీలకుడు గోవర్ధన్ తెర ఆమె వైపు తిప్పాడు. "కాశీబుగ్గ కార్డు. వరసగా పదకొండు కడ్డీలు. ఒక్కటీ తొంభై ఆరుకి తగ్గలేదు. మన యంత్రం కన్నా బాగా కాలుస్తోందండీ మహాతల్లి."

"ఎవరు?"

"బెవర అసిరమ్మ. డెబ్బై రెండేళ్లు. వెన్నెముకలో రాచపుండు. వేలిముద్ర కూడా పడదట, కంటిపాపతో ఇచ్చారు కార్డు. నాకు అక్కడే తేడాగా ఉంది."

"వెనకాల ముఠా ఉండే ఉంటుంది," అంది సుభాషిణి. ఆమెకు అనుమానించడం అలవాటు. రెండేళ్లలో అరవై మూడు ఇళ్లకు వెళ్లి, అరవై మూడు కాగితాల మీదా 'యంత్రం' అని రాసి సంతకం పెట్టింది. ఒక్కసారీ పప్పులో కాలు వేయలేదని గోవర్ధన్ నలుగురిలో మెచ్చుకునేవాడు. అంతా మందస, సోంపేట, బారువ వైపు ముసలమ్మలు. ముఠా వాళ్లు కావాలనే ముసలమ్మల్ని ముందు పెడుతున్నారని ఆమె నమ్మకం.

అసిరమ్మ ఇల్లు జీడిపప్పు కార్ఖానాల వెనక సందులో ఉంది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపలి నుంచి మోటారు గుర్రుమంటున్న చప్పుడు వినిపించింది. దొరికిందిలే అనుకొని సుభాషిణి తలుపు తోసేసింది. మోటారు గోడ అవతల ఎవరిదో కుట్టుమిషను. ఇవతల మంచం మీద ఒక బక్కపలచని మనిషి పక్కకు తిరిగి పడుకొని ఉంది.

"ఎవులమ్మా?"

"కార్డు ఆఫీసు నుంచి మామ్మా. కడ్డీలు ఎలా కాలుస్తున్నావో చూసి వెళ్దామని."

అసిరమ్మ లేచి కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. ఒక్కో అంగుళం లేచినప్పుడల్లా పళ్లు బిగించింది. సుభాషిణి ఆ నొప్పిని కూడా కాసేపు అనుమానంగానే చూసింది. తర్వాత మంచం కిందకి వంగింది, అటక మీద చూసింది, బియ్యం డబ్బా మూత తీసింది. యంత్రం లేదు.

"ఏటి ఎతుకుతున్నావమ్మా? నానేటి తప్పు సేసేను?"

"వేలిముద్ర ఎందుకు పడదు నీకు?"

అసిరమ్మ రెండు అరచేతులూ చాచింది. వేళ్ల కొసలు నల్లగా, నున్నగా ఉన్నాయి. "నలబయ్యేళ్లు జీడిపిక్కలు కొట్టేను. ఆ జిగురు తినేసినాది."

సుభాషిణి కెమెరా, పక్కన చేతితెర పెట్టి, తన సంచీలోంచి కొత్త కడ్డీ తీసి ఇచ్చింది. "నా ఎదురుగా ఒకటి కాల్చు. నువ్వు రోజూ కాల్చినట్టే కాల్చాలి."

అసిరమ్మ కెమెరా వైపు చూసింది. కొంగు సర్దుకుంది. గోడకు గుచ్చిన బొమ్మల కాగితం తీసి ఒళ్లో పరుచుకొని, ఒక్కో బొమ్మా చూసుకుంటూ కడ్డీని చుట్టూ తిప్పి వెలిగించింది. పెద్దవాళ్ల ముందు పాఠం అప్పజెబుతున్న పిల్లలా బెదురుతూ లాగింది. దగ్గు ముంచుకొచ్చింది. కడ్డీ ఎడమ పక్కన సర్రున కాలిపోయింది, కుడి పక్కన ముడుచుకొని ఆరిపోయింది. మళ్లీ వెలిగించింది. మళ్లీ అదే తంతు. సమత అరవై ఒకటి.

"పాసయ్యేనా అమ్మా?" అని అడిగింది.

నాలుగు రోజుల కింద తొంభై ఎనిమిది, ఇవాళ అరవై ఒకటి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆమెకు లోలోపల సంతోషం వేసింది. కాగితం తీసింది. అందులో రెండే గడులు, 'మనిషి', 'యంత్రం'. కలం పెట్టబోతూ, కాలగా మిగిలిన కడ్డీ ముక్కల్ని సీలు వేసి తీసుకెళ్లాలన్న నిబంధన గుర్తొచ్చి, అవి దాచే డబ్బా అడిగింది. ఎప్పుడూ మూత తీయకుండానే సీలు వేసేది. ఈసారి మూత వదులుగా ఉండి, తీసుకుంటుంటే ముక్కలు నేల మీద పడ్డాయి.

ఏరుతూ ఒకదాన్ని వెలుతురులో పెట్టి చూసింది. నోట్లో పెట్టుకోవలసిన కొస పెట్టెలోంచి అప్పుడే తీసినంత తెల్లగా, పొడిగా ఉంది. కాలిన కొస మాత్రం తడిసి ఆరి గట్టిపడింది. పదకొండూ అంతే. ఏ యంత్రమూ నిప్పున్న వైపు తడి చేయదు. సుభాషిణి నేల మీదే కూర్చుండిపోయింది. తర్వాత లేచి కెమెరా ఆపేసింది.

"మామ్మా, అడ్డచుట్టా?"

ముసలామె మొహం మాడిపోయింది. "అబ్బే, నాను కాల్చను. అదొగ్గీసి శానా ఏళ్లయినాది."

"మా అమ్మమ్మది టెక్కలి పక్క పల్లెటూరు. చుట్ట తిప్పి, నిప్పు నోటి లోపల పెట్టుకొని నాట్లు వేసేది. నాకు తెలీదా?"

అసిరమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంటూ తల దించుకుంది. "ఆసుపత్రిలో డాక్టరమ్మ సెప్పింది తల్లీ. అలగ కాలిస్తే అంగిలి పుండయిపోద్దని, కార్డు పీకేత్తారని. కానీ తిన్నగా కాలిస్తే నొప్పి పోవట్లేదు. సగం గాలే తాగేస్తంది. లోపలెట్టుకుంటే గాలెక్కడిది? పొగంతా నాదే. రాత్తిరి నాలుగ్గంటలు పడుకుంతాను. కార్డు తీసీకమ్మా. నీ కాళ్లట్టుకుంతాను. ఆ నొప్పి నాను మళ్లీ పడలేను."

ఆమె మొహం గోడవైపు తిప్పుకొని, పొద్దున సగం కాల్చి ఆర్పుకున్న తన కడ్డీని వెలిగించి, నిప్పు లోపలికి పెట్టుకొని చూపించింది. పెదాల మధ్య తెల్ల కొస ఒకటే కనిపించింది. బుగ్గలు కదల్లేదు. గాలి తగలని నోట్లో, ఉమ్మి చెమ్మలో, నిప్పు అన్ని వైపులా ఒకే తీరున వెనక్కి నడిచింది. సమత తొంభై ఎనిమిది. మూడేళ్లు ఇంజనీర్లు బుర్రలు బద్దలు కొట్టుకున్నది ఈ నోట్లో ఉంది. వాళ్లెవరూ ఇటు రాలేదు.

అప్పుడు సుభాషిణికి అరవై మూడు ఇళ్లూ గుర్తొచ్చాయి. ఆ ముసలమ్మలు కూడా కెమెరా ముందు మర్యాదకి తిన్నగానే కాల్చారు. అందరికీ యాభై, అరవై. అందరూ పాసయ్యామా అన్నట్టే చూశారు. అరవై మూడు డబ్బాలకూ తన చేత్తోనే సీలు వేసింది. ఒక్క మూత తీసి చూడలేదు. ముఠా అనుకుంది. ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది. ఆ తర్వాత వాళ్లు ఎలా చచ్చిపోయారో ఎవరికి తెలుసు!

గడియారం నాలుగు దాటింది. 'యంత్రం' అని రాస్తే అసిరమ్మ దొంగ. 'మనిషి' అని రాస్తే కెమెరా సాక్ష్యం కావాలి. కెమెరాలో పడితే నిషేధించిన విధానం, అప్పుడూ కార్డు పోతుంది. సుభాషిణి నిబంధనలన్నీ మనసులో తిరగేసింది. పాతకాలపు నిబంధన ఒకటి ఇంకా ఎవరూ తీసేయలేదు. పరిశీలకులు తమ నోటితో కాల్చిన కడ్డీని మానవ నమూనాగా పంపవచ్చు. దానికి కెమెరా అక్కర్లేదు, సంతకం చాలు. పంపినవాళ్లు మాత్రం ఇంతవరకు లేరు. ప్రతి సోమవారం రక్తపరీక్ష ఉంటుంది. రక్తంలో పత్రి దొరికితే ఉద్యోగం ఊడుతుంది.

సంచీలో రెండు కడ్డీలు మిగిలాయి.

"మామ్మా, నాకు నేర్పు."

"నీకెందుకమ్మా? మూతి కాలిపోద్ది!"

"కాలనీ. ఐదు లోపల రావాలి నాకు. చెప్పు."

అసిరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. ఈసారి అనుమానం అటు వైపు నుంచి. ఆఫీసు మనుషులు కొత్తరకం ఉచ్చు ఏదో పన్నుతున్నారనుకుంది కాబోలు. సుభాషిణి చెప్పులు విడిచి మంచం పక్కన కింద కూర్చున్నాక గానీ నోరు విప్పలేదు.

"ముందు తిన్నగానే ఎలిగించు. రెండు దమ్ములు లాగు. నిప్పు కుదురుకున్నాక తిప్పి లోపలెట్టు. నాలిక కిందికి దించుకో. పెదాలు బిగించు. పళ్లతో కొరకొద్దు."

మొదటి కడ్డీ నాలుక మీద పడింది. సుభాషిణి కెవ్వున అరిచి ఉమ్మేసింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. సమత ముప్పై. అసిరమ్మ చల్ల తెచ్చివ్వబోయి, లేవలేక, కుండ ఎక్కడుందో చేత్తో చూపించింది. సుభాషిణి పుక్కిలించి రెండో కడ్డీ తీసింది.

"లాగకు తల్లీ! అలగ ఆబగా లాగితే కాలదేటి మరి? ఊరికే నోరు మూసుకో. ముక్కుతో ఊపిరి తీసుకో. అదే కాల్తాది. భయపడకు, నిప్పు నిన్నేటీ సెయ్యదు."

నిప్పు చేసింది. అంగిలి మీద వేడి గూడు కట్టుకొని కదలకుండా కూర్చుంది. ఉమ్మెయ్యాలని ప్రాణం కొట్టుకుంది. అసిరమ్మ తన నున్నటి వేళ్లతో ఆమె గడ్డం కింద పట్టుకొని, మాట్లాడుతూనే ఉంది. గది మెల్లగా దూరం జరిగింది. కుట్టుమిషను చప్పుడు ఎక్కడో వీధి చివర నుంచి వస్తున్నట్టుంది. తొమ్మిదో నిమిషంలో చేతితెర మీద రేఖ ఆగింది. సమత తొంభై ఆరు.

నమూనా పత్రంలో పేరు, వయసు, ఉద్యోగం అడిగింది. కాల్చిన విధం ఏమిటన్న గడి లేదు. ఇంకో విధం ఉంటుందని తయారుచేసినవాళ్లకు తోచలేదు. సుభాషిణి సంతకం పెట్టి పంపేసింది. ఐదింటికి ఇంకా ఆరు నిమిషాలుంది.

మనిషి నోటికి తొంభై ఆరు వచ్చిందని సమజ్వాలకు తెలిసింది. తొంభై దాటితే యంత్రమే అన్న నియమం ఆ క్షణంలో రాష్ట్రమంతటా చెల్లకుండా పోయింది. ఆ నియమం మీద మూసిన కార్డులన్నీ ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకోవడం మొదలుపెట్టాయి. అసిరమ్మ కార్డు మీద పచ్చదీపం అలాగే ఉంది. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకొని, ఆరిపోతుందేమోనని చూస్తూ కూర్చుంది.

ఐదూ పదికి ఫోను మోగింది.

"సుభాషిణి గారూ!" అంది గోవర్ధన్ గొంతు. "ఆ నమూనా ఎవరిది?"

"నాదేనండీ." అంగిలి పొక్కి మాట ముద్దగా వచ్చింది.

"మనిషి నోటికి తొంభై ఆరు రాదండీ."

"వచ్చింది."

"మీకు మతి ఉందా? పదకొండు వేల కార్డులు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. పదకొండు వేలు! అందులో దొంగలెంతమందో తెలుసా మీకు?"

"తెలీదండీ," అంది సుభాషిణి. "మూసినప్పుడు మీకు తెలుసా?"

అవతల గోవర్ధన్ మూసిన కార్డుల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.