ముందు పాపకు

కడపలో ఏడు రోడ్ల దగ్గర, ఒక మేడ మీద కొరియా చికెన్ అమ్మే చిన్న హోటల్ ఉంది. పెద్ద ఆర్భాటమేం లేదు. నాలుగు బల్లలు, గోడ మీద మనకు చదవరాని అక్షరాలు, మూలనున్న టీవీలో గొంతు తగ్గించిన పాటలకు గంతులేసే పిల్లలు. కరకరలాడేలా వేయించిన కోడి ముక్కలకు ఎర్రటి తియ్యకారం పట్టించి తెచ్చి పెడతారు. చేతికి అంటకుండా ప్లాస్టిక్ తొడుగులు కూడా ఇస్తారు. సంకటి ముద్దను వేళ్లతో చిదుముకుని తినే మనవాళ్లకు అదొక వింత.

ఆ వింత చూడాలని ఆరాధన అనే అమ్మాయి ఉబలాటపడింది. కమలాపురం పక్కన పల్లె వాళ్లది. డిగ్రీ చదివే పిల్ల, ఫోన్లో కొరియా సీరియళ్లు చూస్తూ పటపటా మురుకులు నమిలేది. "మెల్లగ నములు పాపా, ఊరంతా ఇనపడతాండాది" అని తల్లి గురమ్మ రోజూ కసిరేది. ఆ పిల్ల అన్న అవినాష్ ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. "అన్నా, ఒక్కసారి ఆడికి తోడకపో" అని చెల్లెలు అడిగినప్పుడల్లా "వచ్చే ఆదివారం పోదాంలే" అనేవాడు. ఆదివారం వస్తే ముసుగుదన్ని పడుకునేవాడు. అట్లా ఆదివారాలు పోయాయి. డెంగీ జ్వరం వచ్చి ఆరాధనా పోయింది.

అవినాష్ చెడ్డవాడేం కాదు. బద్ధకస్తుడు, ఆకలికి ఆగలేని మనిషి. మనలో చాలామంది అంతే కదా.

ఆ రోజు ఆరాధన పెద్ద దినం, కర్మ చేసే రోజు. చిన్నాయన రంగస్వామి పొద్దున్నే అవినాష్‌ని పక్కకు పిలిచాడు.

"పాప ఆ కొరియా కోడి మింద ఆశ పెట్టుకోని పోయింది. నువ్వు పోయి తీసుకరా. దీపాలేళకు ఆకులో పెట్టి, చుట్టూ బియ్యప్పిండి జల్లి తలుపు మూద్దాం. పిండిలో అడుగులు పడితే తినిపోయినట్టు. ఒకటే మాట. ముందు పాపకే. అంతవరకు ఇంట్లో ఎవురూ దాన్ని నోట్లో పెట్టగూడదు. పెడితే ఆకులో ఉండేది ఎంగిలయిపోతాది. ఎంగిలి పాప ముట్టదు."

గురమ్మ గోడకు ఆనుకుని వింటోంది. కూతురు పోయినప్పటి నుంచీ గంజి తప్ప ఆమె గొంతు దిగింది లేదు. మనిషి పుల్లలా అయిపోయింది. "పాప తిన్నాకనే నేను మెతుకు ముట్టేది" అంది. తినకపోతే ఏమవుతుందో ఆమె చెప్పలేదు. చూసేవాళ్లకు తెలుస్తూనే ఉంది.

అవినాష్ బండి మీద కడప చేరేసరికి ఎండ వాలింది. పొద్దుట్నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. మెట్లెక్కుతుంటేనే వాసన తగిలింది. కాగిన నూనె, వెల్లుల్లి, బెల్లపు పాకం లాంటి తీపి. మిగతా మెట్లు రెండేసి ఎక్కాడు.

"పార్శిల్ ఒకటి. చేతి తొడుగులు కూడా ఒక జత పెట్టుమ్మా."

"కొంచేపు పడతాది అన్నా, కూచో," అంది కౌంటర్లో పిల్ల.

కూర్చున్నాడు. వెనక మూకుట్లో ముక్కలు చిటపటమంటున్నాయి. నాది వేరే ప్లేటు, పాపది వేరే పొట్లం, దీంట్లో తప్పేముంది అని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు. సర్ది చెప్పుకోవాల్సి వచ్చిందంటేనే తప్పని తెలిసినట్టు. అయినా అడిగాడు.

"నాక్కూడా ఒక ప్లేటు ఇయ్యి. ఈడే తింటా."

ఒకే మూకుట్లో వేగిన ముక్కలు సగం ప్లేట్లోకి, సగం డబ్బాలోకి వచ్చాయి. తొడుగులు వేసుకుని మొదటి ముక్క కొరికాడు. చాలా రుచిగా ఉంది. రుచిగా లేకపోయి ఉంటే బాగుండేదని ఆ తర్వాత అనుకున్నాడు. చెల్లెలు ఎదురుగా ఉంటే ఎంత మురిసిపోయేదో అనిపించి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సిగ్గేసింది. కానీ నోరు ఆగలేదు.

కర్... కర్... కర్...

నమలడం ఆపాడు.

కర్... కర్...

శబ్దం ఆగలేదు.

తల తిప్పి చూశాడు. బల్లలన్నీ ఖాళీ. కౌంటర్లో పిల్ల ఫోన్ చూసుకుంటోంది. ఎదురు కుర్చీలో ఎవరూ లేరు. నూనె వాసన సన్నగిల్లి, జ్వరపు ఒంటి మీద ఆరిన తడిగుడ్డ వాసన వచ్చింది. ఆసుపత్రిలో చెల్లెలి నుదుటి మీద అతనే మార్చి మార్చి వేసిన గుడ్డ అది. ఆ వాసన అతను మరిచిపోలేడు.

మిగిలింది అక్కడే వదిలేసి, డబ్బాను సంచిలో పెట్టి ముడి వేసి మెట్లు దిగాడు.

దారి పొడవునా సంచి హ్యాండిల్‌కు వేలాడుతూనే ఉంది. గాలి హోరు, బండి చప్పుడు. వాటి మధ్య హెల్మెట్ లోపల, చెవి పక్కనే... కర్... కర్... సంచి ముడి వేసినట్టే ఉంది. వెనక సీటు వైపు అతను చూడలేదు.

గడపలోనే గురమ్మ ఎదురొచ్చింది.

"నువ్వేం ముట్టుకోలేదు గదా, నాయనా?"

"లేదుమా."

ఆమె కొడుకు ముఖంలోకి ఒక్క క్షణం చూసి డబ్బా అందుకుంది. ఆ చూపుకే అవినాష్‌కు చచ్చిపోవాలనిపించింది. ఇప్పుడన్నా చెప్పేద్దామా అనుకున్నాడు. చెబితే ఈ పూట కూడా అమ్మ తినదు. చెప్పకపోతే...

చెప్పలేదు.

నడిమింట్లో ఆకు వేశారు. ముక్కలు పెట్టారు, పక్కన చేతి తొడుగులు. చిన్నాయన చుట్టూ తలుపు దాకా పిండి జల్లి, దీపం పెట్టి, తలుపు మూశాడు. ముగ్గురూ వసారాలో కూర్చున్నారు. అవినాష్ తలుపుకు వీపు ఆనించాడు. లోపల నిశ్శబ్దం. ఎక్కడా ఒక్క చప్పుడు లేదు. దారంతా వినిపించింది ఇప్పుడెందుకు ఆగిపోయిందో...

వీపు చల్లబడింది. తలుపు సందులోంచి తడిగుడ్డ వాసన.

కాసేపటికి చిన్నాయన తలుపు తీశాడు.

పిండిలో అడుగులు పడ్డాయి. చిన్న పాదాలు, వేళ్లతో సహా. గురమ్మ చూసి నేల మీద కూలబడి ఏడ్చింది. "వచ్చింది... నా పాప వచ్చి తినింది." చిన్నాయన చెంబుతో నీళ్లు తెచ్చి, ఆమెకు అన్నం కలిపి పెట్టాడు. ఇన్నాళ్లకు ఆమె ముద్ద మింగింది. అవినాష్ గుండెల మీంచి బండ దిగినట్టయింది.

అప్పుడు చిన్నాయన అతన్ని దగ్గరికి పిలిచి, దీపం కిందికి వంచాడు.

"సరింగ చూడబ్బీ," అని గుసగుసలాడాడు. "లోపలికి వచ్చిన అడుగు ఒక్కటీ లేదు. అన్నీ ఆకు కాడ్నించి తలుపు కల్లా పోయినవే. ఆకులో ముక్క కదల్లేదు. ఆడ ఎవురు కూచున్నారు?"

అవినాష్ ఆ అడుగుల వెంటే తలుపు దాకా చూశాడు. చివరి రెండడుగులు, సరిగ్గా అతను వీపు ఆనించిన చోట, పక్కపక్కనే ఆగి ఉన్నాయి.

వెళ్లి తల్లి పక్కన కూర్చున్నాడు. చెప్పేయాలి. "అమ్మా, నేను..." అనబోయాడు.

గురమ్మ తినడం ఆపింది. మసక చీకట్లో చెయ్యి చాచి కొడుకు తల నిమిరింది. చాలా రోజులకు ఆమె ముఖంలో నవ్వు వచ్చింది.

"మెల్లగ నములు పాపా," అంది. "ఊరంతా ఇనపడతాండాది."

అవినాష్ నోట్లో ఏమీ లేదు. దవడ మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు. అది కదులుతోంది.