అమ్మ పేరు మీద ఒక చీటీ

ఉదయం ఏడున్నరకి ఆ ఇంట్లో ఎవరి పని వాళ్లది. నాన్న తన గడియారాల దుకాణానికి బయల్దేరుతున్నాడు. అమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చుంది. డాక్టరు పరీక్ష మూడోసారి రాయబోతున్న కూతురు బల్ల మీద చీటీలు పరిచి, అరుదైన సిండ్రోమ్‌లు నెమరేస్తోంది. పరీక్షకి ఇంకా తొమ్మిది రోజులే.

కనీవినీ ఎరగని జబ్బులు రెండువందలు గుర్తుండాలంటే మాటలా? అందుకే ఒక్కోదాన్నీ తెలిసిన మనిషికి అంటగట్టింది. మొహంలో కదలిక లేని జబ్బు ఇంటి ఓనరుకి, ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోయే జబ్బు చిన్న మావయ్యకి. పాపం, వాళ్లకా సంగతి తెలీదు.

ఆమె స్నానం చేసి వచ్చేసరికి అమ్మ చేతిలో ఒక చీటీ ఉంది.

“మీ నాన్న నన్ను గుమ్మడికాయ అంటే నవ్వి ఊరుకున్నాను. నువ్వు రాసుకుని మరీ చదువుతున్నావా?”

చీటీ మీద ఇలా ఉంది: ‘కుషింగ్స్ – అమ్మ. మొహం గుండ్రం, మెడ వెనక కొవ్వు, పొట్ట లావు, కాళ్లు సన్నం. కాస్త తగిలితే చర్మం కమిలిపోతుంది.’

“గుర్తుండడానికి రాశానమ్మా, వెక్కిరింపు కాదు.”

“ఉన్నమాటంటే ఉలుకెక్కువ,” అన్నాడు నాన్న చెప్పులేసుకుంటూ. “మనకి తెలీకుండా తింటోంది గానీ, గాలి పీల్చి ఎవరైనా లావెక్కుతారా?”

అమ్మ చీటీ బల్ల మీద పడేసింది. “రెండేళ్లుగా ఒంటిపూట తింటున్నాను. చెప్తే ఎవరు నమ్మారు? ఇదిగో, ఇది కూడా రాసుకో.”

చెయ్యెత్తి చూపించింది. మోచేతి పైన అరచేతంత మేర నల్లగా కమిలి ఉంది.

“మిషన్ అంచు తగిలింది. అంతే.”

కూతురు అక్కడే చూస్తూ ఉండిపోయింది. మొదటి నాలుగు లక్షణాలూ అమ్మని చూసి రాసినవి. ఆఖరిది మాత్రం పుస్తకంలోంచి ఎక్కించింది.

“అమ్మా, పొట్ట మీద ఊదారంగు చారలున్నాయా? వేలంత వెడల్పువి?”

“నీకెవరు చెప్పారు?”

ఆ జబ్బు గురించి నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. రోజూ ఎదురుగా కూర్చునే మనిషిలో మాత్రం చూడలేకపోయింది. సిగ్గుతో ఆమెకి ఏడుపొచ్చింది.

“ఇవాళే ఆస్పత్రికి వెళ్దాం. పరీక్షలు చేస్తేగానీ తేలదు. అదే అయితే మాత్రం, ఒంట్లో ఒక గ్రంథి అదుపు తప్పి ఇలా చేస్తోంది. వైద్యం ఉంది. నీ తిండి వల్ల కాదమ్మా.”

జబ్బు సంగతి అమ్మ చెవికెక్కినట్టు లేదు. కళ్లు మాత్రం నిండిపోయాయి.

“అయితే నేను తిని లావెక్కలేదా?”

“లేదమ్మా.”

గుమ్మంలో నాన్న వేసుకున్న చెప్పులు విప్పేశాడు.

“ఇంకోసారి చెప్పు,” అంది అమ్మ. “మీ నాన్నకి వినబడేలా.”