నీళ్లు ఆపాల్సిన వారం

పూర్ణచంద్రరావు మాస్టారికి పొద్దున్నే పెరట్లో పుచ్చకాయను పలకరిస్తేగానీ కాఫీ దిగదు. రథసప్తమి వెళ్లాక తానే గింజలు నానబెట్టి, మూడు గుంటల్లో వేశారు. ఒక్క తీగే నిలిచింది, దానికి ఒక్క కాయే దక్కింది. కోతకు వారం ముందు నీళ్లు ఆపితేనే తీపి ఎక్కుతుందని ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పిందీ ఆయనే.

ఆ ఉదయం చూస్తే కాయ నిలువునా పగిలి ఉంది. తీగ మొదలంతా చిత్తడి.

"ఎవరు పోశారు నీళ్లు? అనఘా, నువ్వేనా?" కోడల్ని నిలదీశారు.

ఎవరు పోశారో భార్య బాలసరస్వతికి తెలుసు. వంటింటి కిటికీలోంచి ఆవిడ రోజూ చూస్తూనే ఉంది. నీళ్లు పోసి లోపలికొచ్చిన మనిషి, పావుగంటకే మళ్లీ వెళ్లి పోస్తారు. తాళంచెవులు, పొయ్యిమీది పాలు, ఒకనాడు కొడుకు జయదేవ్ పేరు కూడా. ఆయన మరిచినవన్నీ ఇన్నాళ్లూ ఆవిడే కప్పిపుచ్చుతూ వచ్చింది. ఇప్పుడూ నోరు మెదపలేదు. కోడలే కదా, ఒక మాట పడితే ఏం పోతుందిలే అనుకుంది.

అనఘ అత్తగారి ముఖంలోకి ఒకసారి చూసింది. ఆ పిల్లా అంతా గమనిస్తోందని ఆవిడకు అప్పుడు తెలిసింది.

"నేనే పోశానండీ మామయ్యగారూ. ఎండకి తీగ వాడిపోతోందనీ..."

"చెప్పానా పొయ్యొద్దని? ఈ ఇంట్లో నా మాటంటే ఎవరికీ లెక్కలేదు."

"తప్పయిపోయిందండీ."

తల వంచుకున్న ఆ పిల్లను చూస్తే బాలసరస్వతికి తనమీద తనకే అసహ్యం వేసింది.

"దాన్నేం అనకండి. పోసింది మీరే," అంది. "నిన్న నాలుగుసార్లు పోశారు. ఆపితే మీ మతిమరుపు మీకే తెలిసిపోతుందని, చూస్తూ ఊరుకున్నాను."

మాస్టారు గట్టుమీద కూలబడ్డారు.

"నాకు తెలుసు సరస్వతీ. దసరా నుంచీ తెలుస్తూనే ఉంది. నువ్వు బెంగపడతావని చెప్పలేదు." ఆయన తన పాదాలకేసి చూసుకున్నారు. "ఇందాక నిద్ర లేవగానే నా కాళ్లకి ఎండిన బురద కనిపించింది. అయినా పిల్లమీదకి నెట్టేశాను."

ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఇద్దరూ ఒకే దుఃఖాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు. మధ్యలో మాట పడింది మాత్రం ఆ పిల్ల.

అనఘ ఆయన పక్కనే కూర్చుంది. "సాయంత్రం బెజవాడ వెళ్లి డాక్టరుగారికి చూపిద్దామండీ. మీ అబ్బాయిని త్వరగా రమ్మంటాను."

"నువ్వూ రా అమ్మా. అక్కడ నేనేదైనా దాచబోతే చెప్పెయ్. మీ అత్తయ్య చెప్పదు."

"చెప్తానండీ," అంటూ బాలసరస్వతి కోడలి భుజంమీద తల పెట్టుకుని బావురుమంది. "ఇక అన్నీ నేనే చెప్తాను."